అన్నము దగ్గర గుర్రుమనే కుక్క



ఈ శీర్షికలో మనము మామూలుగా భార్యాభర్తల సమాధానము, పిల్లల చదువు, అప్పులు, అత్తాకోడళ్ళ మాటపట్టింపులు మొదలైన సంగతులు మాట్లాడుకుంటాము. ఈ నెల కుక్కను గురించి వ్రాస్తున్నామంటే కొందరు నవ్వవచ్చును. అయితే పల్లెలలో కుక్క లేని గడప ఎన్ని ఉన్నాయి? రాత్రి పొలము నుండి ఆలస్యముగా వచ్చే ఇంటి యజమానికి ఎదురు వెళ్ళేది అదే. పశువుల పాకకు, కళ్ళములోని ధాన్యమునకు కావలి అదే. దాని వలన ఇంటిలోనికి అపాయము వచ్చినప్పుడు ఆ సంగతి కుటుంబ విషయమే గదా.

ఒక సహోదరి ఇట్లు వ్రాశారు. వారి ఇంటి కుక్కకు నాలుగేళ్ళు. పిల్లలతో ఆడుకుంటుంది, చుట్టములను కరవదు. కాని దాని మూకుడులో అన్నము వేసిన తరువాత ఎవరైనా దగ్గరకు వెళితే గుర్రుమంటుంది. మొదట అందరు నవ్వి ఊరుకున్నారు. తరువాత ఆమె భర్త కఱ్ఱ పట్టుకున్నారు. ఒక ఆదివారము ఆరాధన నుండి వచ్చి, కోడికూర తిని, బొమికలు దానికి వేశారు. ఆరేళ్ళ బాబు ప్రక్కన దొర్లిపోయిన గోళీకాయ కోసము వంగాడు. కుక్క చేతిమీద పన్ను గీరింది. ఇప్పుడు భర్త దానిని చంపివేస్తానని, అత్తగారు గోనెసంచిలో పెట్టి కాలువ అవతల వదిలి రమ్మని అంటున్నారట. బాబు మాత్రము అది నా కుక్క అని ఏడుస్తున్నాడట. మేమేమి చేయాలి, వాక్యములో దీనికేమైనా దారి ఉన్నదా అని ఆమె అడిగారు.

ఉత్తరము రెండుసార్లు చదివాము. అందులో ఒక మాట కనబడలేదు. బాబును ఆసుపత్రికి తీసుకువెళ్ళామని ఎక్కడా లేదు. ఉత్తరము చివర ఇచ్చిన నంబరుకు వెంటనే ఫోను చేశాము. రక్తము రాలేదండీ, గీరుకున్నదే, పసుపు పెట్టాము అన్నారు. ఆ సాయంత్రమే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసుకువెళ్ళమని చెప్పాము, వెళ్ళారు. కాబట్టి కుక్క సంగతికి ముందు గాయము సంగతి వ్రాస్తున్నాము.

మొదట గాయము

పెంపుడు కుక్క గదా, మన కుక్కే గదా అని ఊరుకోకూడదు. రేబీస్ అనే జబ్బు కుక్క ఉమ్మిలో నుండి వస్తుంది. పన్ను గీరినా, గోరు గీరినా, పుండు మీద నాకినా వైద్యునికి చూపించాలి. మనిషిలో ఆ జబ్బు లక్షణములు ఒకసారి కనబడిన తరువాత బ్రతికించే మందు దాదాపు లేదనే చెప్పాలి. లక్షణములు రాకముందు సరిగా సూదులు వేయించుకుంటే ప్రాణము దక్కుతుంది. నీళ్ళు చూచి వణికిపోయిన బిడ్డకు సమాధి కార్యక్రమము చేయవలసి వచ్చిన పాస్టరుగారలు మనలోనే ఉన్నారు. వారినడగండి, చెప్తారు.

కరచిన వెంటనే గాయమును సబ్బుతో, పారే నీటి క్రింద 15 నిమిషములు కడగాలి. పంపు లేకపోతే ఒకరు చెంబుతో పోస్తుండగా మరొకరు కడగాలి. ఇది చిన్న పనిగా కనబడుతుంది గాని ఇంటిలో చేయగలిగిన చికిత్సలలో ఇదే గొప్పది. కారము, సున్నము, కాఫీపొడి, జిల్లేడు పాలు, పసరు, ఏవియు పెట్టకూడదు. గట్టిగా కట్టు కట్టకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ సూది ఉచితము. చర్మములోనికి వేసే పద్ధతిలో మొదటి రోజును సున్నాగా లెక్కించి 3, 7, 28 రోజులకు, కండకు వేసే పద్ధతిలో 3, 7, 14, 28 రోజులకు మళ్ళీ వేస్తారు. రక్తము వచ్చిన గాయమైతే గాయము చుట్టూ వేసే మరొక మందు కూడ అవసరము. రెండు సూదులు వేయించుకుని, బాగానే ఉన్నాడు గదా అని మానివేసేవారు ఉన్నారు. అది చాల ప్రమాదము. కొన్ని రోజులు గడిచిపోయినా, ఇంకేమి లాభమని ఊరుకోకుండ మొదలుపెట్టాలి.

బొడ్డు చుట్టూ 14 సూదులని మన పెద్దలు ఇంకా భయపెడుతుంటారు. ఆ పాత మందు మన దేశములో 2005 నాటికే ఆగిపోయినది. ఇప్పటి సూది భుజమునకే. ఫ్రాన్సు దేశములో లూయీ పాశ్చర్ 1885 జూలై 6న తొమ్మిదేళ్ళ బాలునికి మొదటిసారి ఈ విధమైన టీకా వేయించగా ఆ బాలుడు బ్రతికాడు. మన దక్షిణ దేశములో కూనూరులో పాశ్చర్ సంస్థ 1907లోనే ఏర్పడినది. ఇన్నేళ్ళ తరువాత మన బిడ్డ పసరు మీద ఆధారపడవలసిన అవసరము లేదు.

ప్రార్థన చేశాము, చాలును అనేవారికి ఒక మాట. హిజ్కియా రాజు కన్నీటితో ప్రార్థించాడు. దేవుడు ఆలకించి ఆయుష్షు పెంచాడు. అయినను ప్రవక్తయైన యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు (2 రాజులు 20వ అధ్యాయము). ప్రార్థన విన్న దేవుడే మందును కూడ వాడుకున్నాడు. ప్రార్థన చేసి ఆసుపత్రికి వెళ్ళుట అవిశ్వాసము కాదు.

కుక్క ఎందుకు గుర్రుమంటుంది?

దీనిని మనము ఆశపోతుతనము అంటాము. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టే జీవి అని తిడతాము. నిజానికి అక్కడ ఉన్నది ఎక్కువగా భయము. ఈ అన్నము నా దగ్గర నుండి పోతుంది అనే భయము. కుక్క జాతి ఎంతో కాలము దొరికినది దొరికినచోటే తిని, తనకంటె బలమైనదాని నుండి కాపాడుకుని బ్రతికినది. ఆ బుద్ధి రక్తములో ఉన్నది. కొన్నిటిలో అది బలముగా ఉంటుంది. ఎంగిలి విస్తరాకుల దగ్గర పది కుక్కలతో పోట్లాడి పెరిగినదైతే, పిల్లగా ఉన్నప్పుడు ఒకే పళ్ళెములో పోటీపడి తిన్నదైతే, ఒక పూట పెట్టి రెండు పూటలు మరచిపోయే ఇంటిలో ఉన్నదైతే ఆ భయము ఇంకా పెరుగుతుంది. కడుపు నిండా తినే కుక్కలో కూడ ఇది ఉండవచ్చును. మూకుడులోని గంజి అన్నము దగ్గర ఏమీ అననిది, బొమిక దగ్గరకు వచ్చేసరికి వేరొక కుక్క అయిపోతుంది. దానికి విలువైనది ఏదో దాని దగ్గరే కావలి ఎక్కువ.

కఱ్ఱ దెబ్బ ఈ భయమును ఏమి చేస్తుంది? మనిషి దగ్గరకు వస్తే అన్నము పోతుంది అని అది ముందే అనుకుంటున్నది. మనిషి వచ్చాడు, అన్నము పోయినది, దెబ్బ కూడ పడినది. దాని భయము నిజమని మనమే దానికి రుజువు చేశాము. మరుసటి సారి ఇంకా ముందుగా, ఇంకా గట్టిగా ఎదురు తిరుగుతుంది.

మన సామెతలు రెండు ఇక్కడ మనలను మోసగిస్తాయి. కుక్క కాటుకు చెప్పు దెబ్బ అంటారు. కోపములో ఆ మాట బాగుంటుంది గాని ఇంటిలో దాని ఫలము మరొక కాటే. మొరిగే కుక్క కరవదు అంటారు. గుర్రుమనే కుక్క కరుస్తుంది. గుర్రుమనుట అనగా కరవక ముందు అది ఇచ్చే హెచ్చరిక. దూరముగా ఉండు, నాకు కరవాలని లేదు అని అది తనకు వచ్చిన భాషలో చెప్తున్నది. ఆ గుర్రును కొట్టి మాన్పించామనుకోండి, భయము పోదు, హెచ్చరిక మాత్రము పోతుంది. ఏ చప్పుడు లేకుండ చటుక్కున కరిచింది అని కొందరు చెప్పే కుక్కలలో కొన్ని ఇట్లు తయారైనవే.

గుర్రుకు ముందే కనబడే గురుతులు ఉన్నాయి. ఇంటిలో అందరు నేర్చుకోవాలి. మనిషి దగ్గరకు రాగానే నమలుట ఆపి బిగుసుకుపోతుంది. లేదా ఒక్కసారిగా గబగబ మ్రింగుతుంది. మూకుడు మీదికి మెడ వంచి, ఒళ్ళు అడ్డము పెడుతుంది. తల కదపకుండ కనుగుడ్లు ప్రక్కకు త్రిప్పి తెల్లగుడ్డు కనబడేటట్లు చూస్తుంది. తరువాత పెదవి ఎత్తి కోర చూపుతుంది. తోక ఊగుతున్నది గదా అని నమ్మవద్దు. ఒళ్ళు బిగిసి తోక ఊగితే అది స్నేహము కాదు.

ఇంటిలో చేయవలసిన ఏర్పాటు

కుక్కకు నేర్పుట తరువాత. ముందు బిడ్డను కాపాడాలి. మన ఇండ్లలో నేల మీద కూర్చుండి తింటాము. పసిబిడ్డ ముఖము, కుక్క మూతి ఒకే ఎత్తులో ఉంటాయి. బిడ్డ చేతి నుండి ముద్ద జారితే కుక్క, బిడ్డ ఒకేసారి దాని మీదికి వంగుతారు. మార్కు సువార్త 7వ అధ్యాయములో సురోఫెనికయ స్త్రీ ప్రభువుతో మాట్లాడుతూ, పిల్లలు పడవేసిన రొట్టెముక్కలు బల్ల క్రింద కుక్కపిల్లలు తింటాయి గదా అనే భావముతో జవాబిచ్చినది. ఆమె విశ్వాసము ఆ కథకు ప్రాణము. అయితే ఆ చిత్రము మన అరుగుల మీద రోజూ జరిగేదే. ఆ మాటకు మూలభాషలో వాడిన పదము వీధి కుక్కను గాక, ఇంటిలో తిరిగే చిన్న కుక్కను సూచిస్తుంది. పిల్లల చేతి క్రింద కుక్క తినుట ఎంత పాత అలవాటో చూడండి.

ఈ విధముగా చేయండి.

1. కుక్కకు అన్నము పెట్టే చోటు ఒకటే ఉండాలి. నడవ, గుమ్మము, వంటింటి దారి కాకూడదు. పాక వెనుక, దడి అవతల, తలుపు ఉన్న మూల అయితే మంచిది. మనుషులు ప్రక్క నుండి నడిచిపోయే చోట కట్టివేసి పెట్టవద్దు. పారిపోయే దారి లేని కుక్క ఎక్కువగా ఎదురు తిరుగుతుంది.

2. వేళ తప్పకుండ రోజుకు రెండు పూటలు పెట్టాలి. మిగిలితే పెడతాము, లేకపోతే లేదు అనే పద్ధతి మానాలి. మంచినీళ్ళు ఎప్పుడును ఉండాలి.

3. పిల్లలు తినేటప్పుడు కుక్క బయట, కుక్క తినేటప్పుడు పిల్లలు లోపల. ఆరేళ్ళ బిడ్డను జాగ్రత్తగా ఉండరా అని చెప్పి వదిలిపెట్టుట చాలదు. తలుపు వేయాలి, లేదా పెద్దవారు ఒకరు అక్కడ నిలబడాలి.

4. తింటున్న కుక్కను ముట్టుకోవద్దు. అలవాటు చేస్తామని మూకుడులో చేయి పెట్టుట, తినేటప్పుడు గిన్నె లాగివేసి మనము యజమానులమని చూపించుట కొందరి అలవాటు. పట్టణములలో చదువుకున్నవారు కూడ ఇట్లు చెప్తారు. అది లేని జబ్బును తెచ్చిపెడుతుంది. మీ కంచము ఎవరైనా రోజూ లాగివేస్తే మీరెట్లుంటారు?

5. సమస్య ఉన్నంత కాలము బొమికలు వేయవద్దు. ఉడికిన కోడి బొమికలు చీలి గొంతులో, ప్రేగులలో గుచ్చుకుంటాయి కూడ. కూర పులుసు, మసాలాతో ఉన్నది పెట్టవద్దు. ఉల్లిపాయ కుక్కకు మంచిది కాదు.

6. ఏదైనా పెట్టకూడనిది దాని నోటిలో ఉంటే మీద పడి లాగవద్దు. దూరముగా మరొక మంచి ముక్క విసిరితే అది లేచి వెళ్తుంది. అప్పుడు తీసివేయండి.

సామెతలు 26వ అధ్యాయము 17వ వచనములో, తనకు పట్టని జగడములో తలదూర్చేవాడు దారిన పోయే కుక్క చెవులు పట్టుకున్నవానితో పోల్చబడినాడు. కుక్క చెవి పట్టుకుంటే ఏమగునో ఆ కాలము వారికి బాగా తెలుసును. రెండు కుక్కలు అన్నము దగ్గర పోట్లాడుతుంటే మధ్యలో చేయి పెట్టకూడదు. బకెట్టుతో నీళ్ళు చల్లండి, పెద్ద చప్పుడు చేయండి. మరుసటి పూట నుండి ఎవరి మూకుడు వారికి, ఒకదానికొకటి కనబడనంత దూరములో పెట్టండి.

నెమ్మదిగా నేర్పుట

పై ఏర్పాటుతోనే అనేక ఇండ్లలో అపాయము చాలవరకు తగ్గిపోతుంది. అంతకంటె ముందుకు పోదలచినవారు, కుక్క ఇంతవరకు గుర్రుమనుటతోనే ఆగినదైతే, ఈ పద్ధతి ప్రయత్నించవచ్చును. ఇది పెద్దవారు చేయాలి. పిల్లలు దగ్గర ఉండకూడదు.

మూకుడులో ఎప్పటి అన్నమే వేయండి. అది తింటుండగా అది బిగుసుకోనంత దూరములో, పది అడుగులైతే పది, ఇరువది అయితే ఇరువది, అంత దూరములో నిలబడండి. చేతిలో దానికి అన్నముకంటె ఇష్టమైనది, ఉడికిన గ్రుడ్డు ముక్కో బొమిక లేని మాంసపు ముక్కో ఉంచుకోండి. మూకుడు ప్రక్కకు విసిరి వెనుకకు తిరిగి వెళ్ళిపోండి. పూటకు నాలుగైదు ముక్కలు చాలును. కొన్ని రోజులకు మిమ్మును చూచి తల ఎత్తి ఒళ్ళు వదులుగా ఉంచి ఎదురు చూస్తుంది. అప్పుడు ఒక్క అడుగు ముందుకు. మళ్ళీ కొన్ని రోజులు. ఎప్పుడైనా బిగుసుకుంటే మీరు తొందరపడినారని అర్థము. రెండడుగులు వెనుకకు రండి. వారములు పట్టుతుంది. ఇందులో ఉన్న సూత్రము ఒకటే. మనిషి వస్తే అన్నము పోతుంది అని నేర్చుకున్న జీవికి, మనిషి వస్తే అన్నము పెరుగుతుంది అని తిరిగి నేర్పుట. మాటలతో నేర్పలేము, పూటపూటకు చేసి చూపాలి.

కుక్కపిల్లను తెచ్చుకునేవారు మొదటి నుండి జాగ్రత్తపడితే ఇంత పని ఉండదు. ఎనిమిది వారములు నిండకుండ తల్లి నుండి వేరు చేయవద్దు. అది తింటున్నప్పుడు అప్పుడప్పుడు వెళ్ళి ఒక మంచి ముక్క వేసి రండి. నోటిలో చెప్పు ఉంటే వెంటబడి లాగక, ముక్క చూపి మార్పిడి చేయండి. మూడు నెలలకు రేబీస్ టీకా, తరువాత పశువైద్యుడు చెప్పిన ప్రకారము మరల, ఏటేట తప్పక వేయించండి. పాశ్చర్ టీకాకు జ్ఞాపకముగా జూలై 6న అనేక ప్రభుత్వ పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగా టీకాలు వేస్తారు. సంఘ ప్రకటనలలో ఆ తేదీని చెప్పించండి. ఊరంతటికి మేలు.

కొన్ని సందర్భములు వేరు. పిల్లలను పెట్టిన తల్లి కుక్క అన్నము దగ్గర, పిల్లల దగ్గర గుర్రుమనుట సహజము. కొన్ని వారములు దాని జోలికి పోకండి. ఎప్పుడును శాంతముగా ఉన్న కుక్క ఉన్నట్లుండి మారిపోతే పంటి నొప్పి, చెవి పుండు, కడుపులో పురుగులు మొదలైనవి ఉండవచ్చును, పశువైద్యునికి చూపించాలి. అయితే మారిపోవుటతో పాటు చొంగ కారుట, అరుపు మారుట, దవడ వ్రేలాడుట, మ్రింగలేకపోవుట, పుల్లలు మట్టి కొరుకుట, తూలుట కనబడితే అది రేబీస్ కావచ్చును. గొంతులో బొమిక ఇరుక్కున్నదేమో అని నోటిలో చేయి పెట్టవద్దు. అందరిని దూరముగా ఉంచి పశువైద్యునికి కబురు చేయండి. దాని ఉమ్మి తగిలినవారందరు ఆసుపత్రికి వెళ్ళాలి.

కుక్కను వదిలివేయవచ్చునా?

ఇది ఆ సహోదరి అడిగిన రెండవ ప్రశ్న. నీతిమంతుడు తన పశువు ప్రాణమును గూర్చి ఆలోచిస్తాడని సామెతలు 12:10 నేర్పుతున్నది. కళ్ళము త్రొక్కే ఎద్దు మూతికి చిక్కము వేయవద్దని ద్వితీయోపదేశకాండము 25:4 ఆజ్ఞాపించినది. పని చేసే జీవి నోటి దగ్గర కూటిని గురించి ధర్మశాస్త్రము ఒక మాట వ్రాసిపెట్టినదంటే, మన ఇంటికి కావలి కాచిన జీవిని సంచిలో కట్టి కాలువ అవతల వదలుట ఆ మాటకు తగినది కాదు. విషము పెట్టుట అంతకంటె ఘోరము. మన దేశ చట్టము కూడ, అనగా జంతువుల పట్ల క్రూరత్వమును నివారించు 1960 నాటి చట్టము, పెంచినదానిని ఆకలిదప్పులకు వదిలివేయుటను నేరమనే అంటున్నది. అంతే కాదు, కాలువ అవతల కూడ పిల్లలు ఉన్నారు. మన బిడ్డకు వద్దన్న పన్ను ఇంకొకరి బిడ్డకు పంపుట పొరుగువాని ప్రేమించుట అవుతుందా?

ఇక రెండవ ప్రక్క కూడ వాక్యములోనే ఉన్నది. నిర్గమకాండము 21:28, 29 చదవండి. ఎద్దు మొదటిసారి ఒకనిని పొడిచి చంపితే యజమాని నిర్దోషి. కాని అది పొడిచే ఎద్దు అని అతనికి ముందే తెలిసి, కట్టి కాపాడకపోతే ఆ రక్తదోషము యజమాని మీద ఉన్నది. ముందే తెలియుట అనే మాట మనలను నిలువబెట్టి అడుగుతుంది. మా కుక్క బొమిక దగ్గర కరుస్తుందని తెలిసిన ఇల్లు, ఇరుగు పొరుగు పిల్లలను అరుగు మీదికి రానిచ్చి, ఏమీ అనదులే అని చెప్పకూడదు. మా కుక్క చాల మంచిది అనే మాట కంటె, అది తింటున్నది, అటు వెళ్ళకురా నాయనా అనే మాటలో ప్రేమ ఎక్కువ.

కాబట్టి మా ఆలోచన ఇది. బిడ్డను వేరుగా ఉంచగలిగిన ఇల్లైతే కుక్కను ఉంచి పై ప్రకారము చేయండి. రక్తము వచ్చేటట్లు కరచినదైతే, లేక ప్రాకే బిడ్డ ఉండి తలుపు లేని ఇల్లైతే, సొంతముగా నేర్పుటకు దిగక పశువైద్యుని సలహా తీసుకోండి. పిల్లలు లేని ఇంటికి, తోట కావలికి ఇవ్వవచ్చును. అయితే దాని సంగతి దాచకుండ చెప్పి ఇవ్వాలి. దాచి ఇస్తే, ముందే తెలిసిన యజమాని మనమే. మరి ఏ దారి లేనంత అపాయకరమైన కుక్క అయితే ఆ నిర్ణయము పశువైద్యునితో కూర్చుండి చేయాలి, కోపములో కఱ్ఱతో చేయకూడదు. ఉత్తరము వ్రాసిన సహోదరి ఇంటిలో దడికి తలుపు చేయించారు, మూకుడు పాక వెనుకకు పోయింది, బొమికలు మానివేశారు. బాబు సూదుల తేదీలు క్యాలెండరు మీద గుర్తు పెట్టుకున్నారని తెలిసింది. భర్తగారు కఱ్ఱ ఇంకా చూరులోనే ఉంచారట. ఆయన కొరకు ప్రార్థించండి.

మనకొక మాట

యోబు 12:7లో మృగములను అడిగితే అవి నేర్పుతాయని ఉన్నది. ఈ కుక్క మనకేమి నేర్పుతుంది?

అరణ్యములో ఇశ్రాయేలీయులకు ఉదయముదయము మన్నా కురిసినది. రేపటికి ఉంచుకోవద్దని మోషే చెప్పినా కొందరు ఉంచుకున్నారు, అది పురుగు పట్టి కంపు కొట్టినది (నిర్గమకాండము 16:19, 20). వారు కేవలము అత్యాశపరులని మనము తీర్పు తీర్చుట తేలిక. ఐగుప్తులో కొరడా క్రింద బ్రతికి వచ్చినవారు వారు. రేపు ఉంటుందో ఉండదో అనే భయము వారి ఎముకలలో ఉన్నది. దేవుడు ఆ భయమును ఒక్క దినములో తీసివేయలేదు. నలువది సంవత్సరములు ప్రతి ఉదయము పెట్టి, పెట్టి, పెట్టి నమ్మిక నేర్పాడు.

మన ఇండ్లలో కూడ కంచము మీద మెడ వంచుకుని కూర్చున్నవారు ఉన్నారు. ఎకరము భూమి దగ్గర తమ్ముని చూచి బిగుసుకుపోయే అన్న, బీరువా తాళము దగ్గర కోడలిని చూచి ముఖము మారే అత్తగారు, చిన్నప్పుడు ఆకలి చూచి ఇప్పుడు పిల్లలకు గ్రుడ్డు వండుటకు చేయి రాని తండ్రి. వారిని లోభులని గేలి చేస్తే ఇంకా బిగుసుకుంటారు. వారు భయపడుతున్నది దేనికి అని అడిగితే ఒకవేళ చెప్తారు. అట్లే, ఇంటిలో ఎవరైనా గొణిగితే నోరు మూయించుట పరిష్కారము కాదు. గొణుగుడు హెచ్చరిక. దానిని విన్న ఇంటిలో కాటు వరకు పోదు. మృదువైన మాట క్రోధమును చల్లారుస్తుందని సామెతలు 15:1 నేర్పినది మనుషుల కొరకే గాని, పాక వెనుక మూకుడు దగ్గర కూడ అది పనిచేయుట మనము చూస్తున్నాము.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో సామెతలు 12:10, నిర్గమకాండము 16:13-21, నిర్గమకాండము 21:28, 29 చదవండి. చదివిన తరువాత పిల్లలతో మూడు నియమములు పైకి చెప్పించండి. కుక్క తినేటప్పుడు దగ్గరకు పోను. నిద్రపోయేటప్పుడు ముట్టుకోను. కరచినా గీరినా దాచకుండ అమ్మకు చెప్తాను. దాచకుండ చెప్పిన బిడ్డను మాత్రము తిట్టవద్దు, కొట్టవద్దు. దెబ్బలకు భయపడి కాటును దాచుకున్న బిడ్డ సమయానికి ఆసుపత్రికి చేరడు.

ఆకాశ పక్షులను పోషించే తండ్రి మీ కంచములను, మీ పిల్లలను, మీ గుమ్మము దగ్గరి మూగజీవులను కాపాడును గాక. ఆమేన్.